అడగని ఎనిమిది ప్రశ్నలు

కమిషన్ల గురించి ఎవరైనా నీతులు చెబితే నాకు ఒకప్పుడు ఒళ్ళు మండేది. ఇప్పుడు మండదు. చాలాసేపు బాసింపట్టు వేసుకుని కూర్చుంటే కాలు తిమ్మిరెక్కి, గిల్లినా తెలియదు కదా, అలా ఉంటుంది. ఎనభైల్లో మిషిగన్‌లో నేను ఇన్సూరెన్సు అమ్మిన రోజుల గురించి రాయమని మా అమ్మాయి పోరుతోంది. రాస్తాను. చదివి ఏడుపు రాలేదని మాత్రం నన్ననకండి. నాకే రాలేదు.

మేము నోవైలో ఇల్లు కొనుక్కున్న రెండో చలికాలంలో మా ఆయన ఉద్యోగం పోయింది. కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో ఇంజనీరు ఆయన. లే ఆఫ్ అంటే తాత్కాలికమే, మళ్ళీ పిలుస్తారు అనుకుని రెండు నెలలు ధీమాగానే ఉన్నాం. మూడో నెల నుంచి ఆయన గరాజ్‌లో కూర్చోవడం మొదలుపెట్టారు. వాక్యూమ్ క్లీనరు, టోస్టరు, పక్కింటాయన మంచు ఊడ్చే మిషను, ఏది దొరికితే అది విప్పేవారు. పాడైనవీ విప్పేవారు, బాగున్నవీ విప్పేవారు. ఒడిలో ఏడాది నిండని పిల్ల. నాకు బి.ఎస్సీ. డిగ్రీ ఉంది గానీ ఈ దేశంలో దాన్ని చూపించమన్న నాథుడు లేడు. పేపర్లో చిన్న ప్రకటన కనిపించింది: అనుభవం అక్కర్లేదు, కారు ఉంటే చాలు. కోటి విద్యలూ కూటి కొరకే అన్నారు కదా, వెళ్ళాను. రాష్ట్రం వాళ్ళు పెట్టే లైసెన్సు పరీక్ష రాశాను. పాసయ్యాను. అలా ఇన్సూరెన్సు ఏజెంటునయ్యాను.

నేను అమ్మింది కార్లకో ఇళ్ళకో కాదు, ముసలివాళ్ళ ఆస్పత్రి ఖర్చులకి. అరవై అయిదు నిండినవాళ్ళకి గవర్నమెంటు మెడికేర్ ఉంటుంది. అది బిల్లంతా కట్టదు. ఆస్పత్రిలో చేరగానే మొదట కొంత, డాక్టర్ల బిల్లుల్లో అయిదో వంతు మనమే పెట్టుకోవాలి. ఆ మిగిలిన దాన్ని కట్టేందుకు ప్రైవేటు కంపెనీలు పాలసీలు అమ్మేవి. సప్లిమెంటు అనేవాళ్ళం. నెలనెలా ఇంత అని కడితే, ఆస్పత్రి పాలైన రోజున చెయ్యి చాచక్కర్లేదు. మంచిదే. మంచి కాదని నేను ఇప్పటికీ అనను.

జీతం లేదు. కమిషనే. దాని లెక్క ఏమిటంటే, మొదటి ఏడాది ముసలాయన కట్టిన దాంట్లో పెద్ద వాటా ఏజెంటుకి. రెండో ఏడాది నుంచి చిల్లర. ఏడాది తిరక్కుండా పాలసీ ఆగిపోయిందా, ఆయన కట్టడం మానేసినా సరే, పాపం ఆయనే పోయినా సరే, ఇచ్చిన కమిషన్ వెనక్కి లాక్కుంటారు. నా మూడో కస్టమరు పోయినప్పుడు పూలు పట్టుకుని వెళ్ళాను. ఇంటికొచ్చేసరికి కమిషన్ కోసేశామని ఉత్తరం వచ్చి ఉంది. పూల ఖర్చు కూడా నాదే.

పోనీ పని మొదటి ఏడాదిలోనే ఉందా అంటే, అమ్మడం ఒక పూట పని. అసలు చాకిరీ రెండో ఏటి నుంచి. జబ్బులు అప్పుడు వస్తాయి కాబట్టి. చెప్పుల డబ్బాల్లో బిల్లులు దాచుకుని ఫోన్లు చేసేవారు. నేను వెళ్ళి, వాళ్ళ వంటింటి బల్ల దగ్గర కూర్చుని, ఏది మెడికేర్‌కి పంపాలో ఏది కంపెనీకి పంపాలో విడదీసి, ఫారాలు నింపి, స్టాంపులంటించి వచ్చేదాన్ని. అమెరికన్ ముసలమ్మలు తమ ఆపరేషన్ల గురించి, మనవాళ్ళు పెళ్ళిసంబంధాల గురించి చెప్పినంత హుషారుగా చెబుతారు. పిత్తాశయంలో రాళ్ళు తీస్తే సీసాలో పెట్టి దాచుకున్న ఒకావిడ ఆ సీసా నా చేతిలో పెట్టింది. నేను ఎంత బాగున్నాయో అన్నాను. ఇంకేమంటాం?

ప్రతి సోమవారం పొద్దున్న ఒక పాన్‌కేక్ హోటల్ వెనక గదిలో ఏజెంట్లందరం కలిసేవాళ్ళం. చీర కట్టుకున్నది నేనొక్కదాన్నే. చలికాలంలో చీర మీద మా ఆయన పాత కోటు. అందరి ఏడుపూ ఒకటే, రెండో ఏటి చాకిరీకి డబ్బేది అని. మేనేజరు నవ్వుతూ వినేవాడు. ఎద్దు పుండు కాకికి ముద్దా?

ఇక మామ్మగారి సంగతి చెప్పాలి. చెప్పవలసింది ఆవిడ గురించే.

మాకు రెండు వీధుల అవతల, కూతురి దగ్గర ఉండేవారు. కృష్ణా జిల్లా. డెబ్భై ఏళ్ళకి దగ్గరపడ్డ మనిషి, సన్నగా, గాలి వేస్తే ఎగిరిపోయేలా ఉండేవారు. నోరు మాత్రం ఎక్కడికీ ఎగిరిపోదు. కొడుకులు లేరు. డెబ్భై ఏడులో కూతురు స్పాన్సర్ చేసి తెచ్చుకుంది. ఆవిడకి ఒకటే దిగులు, అల్లుడి ఇంట్లో తింటున్నానని. అల్లుడుగారు మెత్తని మనిషి, పల్లెత్తు మాట అనడు. అయినా సరే. ఆయనతో ఆవిడ ఎప్పుడూ నేరుగా మాట్లాడలేదు. కూతురికి చెబుతున్నట్టు, ఆయనకి వినపడేటట్టు మాట్లాడేవారు. ఆయన డ్రాయింగులు గీసే కంపెనీలో జీతాలు తగ్గించారని తెలిసిన మర్నాడే ఆవిడ ఊళ్ళో తెలుగువాళ్ళ పిల్లల్ని చూసుకోవడం మొదలుపెట్టారు. వారానికి ఇంత అని పుచ్చుకునేవారు, మొహమాటం లేకుండా.

మా పిల్లనీ అక్కడే దింపేదాన్ని. గుమ్మంలోనే ప్రశ్నలు మొదలయ్యేవి.

"రాత్రి నిద్రపోయిందా? పాలు తాగిందా? దగ్గుందా? ముక్కు కారుతోందా? విరేచనం అయిందా? ఎప్పుడయింది? గట్టిగానా, పల్చగానా? ఒళ్ళు వెచ్చగా ఏమైనా ఉందా?"

"లేదు మామ్మగారూ, టైమవుతోంది నాకు."

"నీ టైము నీకుంటే నా టైము నాకుంది. పిల్ల నోరు లేనిది, నిన్నడగక ఎవర్నడగను? చెప్పి కదులు."

అన్నిటికీ జవాబు చెబితే గానీ పిల్లని అందుకునేవారు కాదు. ఎండాకాలం అయినా, మోకాలి లోతు మంచైనా అంతే. ఆ గుమ్మంలో నిలబడి కాళ్ళు కొంకర్లు పోతుంటే, ఈవిడకి నా కోటు కూడా కనిపించదా అని తిట్టుకునేదాన్ని.

ఈ దేశం వచ్చి అయిదేళ్ళు నిండాక ఆవిడ సొంతంగా డబ్బు కట్టుకుని మెడికేర్‌లో చేరారు. దానిమీద సప్లిమెంటు నా దగ్గరే తీసుకున్నారు. నేను అమ్మలేదు, ఆవిడే అడిగారు.

"నాకేమన్నా అయితే ఆస్పత్రి బిల్లు అల్లుడు కట్టకూడదు. అలాంటిది ఏదైనా ఉంటే రాయి. లేకపోతే పోనీ."

"ఉంది మామ్మగారూ."

"పక్కాగానా? ఒక్క డాలరు కూడా ఆయన పర్సు లోంచి తియ్యక్కర్లేదు కదా?"

"అక్కర్లేదు."

ఆ పాలసీకి ఆరోగ్యం గురించి ప్రశ్నలు లేవు. మొదటి ఆరు నెలల్లో పాత జబ్బులకి డబ్బివ్వరు, అంతే షరతు. ఆ ఆరు నెలలూ ఏ గొడవా లేకుండా గడిచిపోయాయి. అక్కడితో ఆవిడకి భద్రం. ఎవరూ ఏమీ చెయ్యకుండా ఉంటే చాలు.

ఎనభై నాలుగులో కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. వచ్చే నెల నుంచి పాత ప్లాను మీద రెండో ఏటి కమిషన్ పూర్తిగా ఎత్తేస్తున్నారు. ఆ చిల్లర కూడా ఉండదు. కొత్త ప్లాను ఒకటి పెట్టారు, అది అమ్మితే మొదటి ఏడాది వాటా ఎప్పటిలాగే ఇస్తారు. పాత కస్టమర్ల పనులు మాత్రం యథాప్రకారం ఏజెంట్లే చూసుకోవాలి. ఆ ఉత్తరం చదివిన సోమవారం పాన్‌కేక్ హోటల్లో ఒకడు కప్పు విసిరికొట్టాడు. నాకూ విసరాలనిపించింది. మూడేళ్ళు ఆ ముసలాళ్ళ చెప్పుల డబ్బాలన్నీ సర్దింది నేను. చేతిలో ముద్ద లాక్కుని, వంటింట్లో ఇంకో కంచం ఉంది పోయి వడ్డించుకో అన్నట్టుంది.

మేనేజరు ఎవర్నీ కసురుకోలేదు. ఉన్నవాళ్ళనే కొత్త ప్లానులోకి మార్చండి, మళ్ళీ మొదటి ఏడాది కమిషన్ వస్తుంది, ఇందులో ఏడవడానికి ఏముంది అన్నాడు. నా పక్కన ఎప్పుడూ ఒక ముసలి ఏజెంటు కూర్చునేవాడు, సోడాబుడ్డి కళ్ళద్దాలాయన. ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుంటూ నాతో మెల్లిగా అన్నాడు, తప్పు చెయ్యమని వీళ్ళు ఎప్పుడూ చెప్పరమ్మా, ఒప్పు చేస్తే డబ్బివ్వడం మానేస్తారంతే అని. ఆయన ఆ నెలాఖరుకి మానేశాడు. ఆయనకి పెన్షన్ ఉంది. మాకు మా ఆయన గరాజ్ ఉంది.

కొత్త ప్లానులో ఆరు నెలల షరతు లేదు. దాని బదులు దరఖాస్తు మీద ఎనిమిది ప్రశ్నలు. గత రెండేళ్ళలో కాన్సరు ఉందా, గుండెకి వైద్యం జరిగిందా, పక్షవాతం వచ్చిందా, కిడ్నీలు, ఊపిరితిత్తులు, చక్కెర, ఆస్పత్రిలో చేరారా, మంచం పట్టారా. ఏ ఒక్కదానికి ఉంది అన్నా పాలసీ ఇవ్వరు. అమెరికన్ల ఇళ్ళకి వెళ్ళి ఆ ఎనిమిదీ గడగడా చదివేదాన్ని. వాళ్ళూ గడగడా చెప్పేవారు. నలుగురైదుగురికి ఉంది అని వచ్చింది. పాత పాలసీలోనే ఉండండి, మార్చకండి అని చెప్పి, కాఫీ తాగి వచ్చేశాను. మిగతావాళ్ళని మార్చాను. ఒక వేసవిలో మూడేళ్ళ కష్టం తిరిగి వచ్చినట్టయింది. ఇంటి మీద బ్యాంకుకి కట్టవలసిన బకాయి తీరేందుకు ఇంక కొంచెమే తక్కువ.

"ఇంకా ఎవరున్నారు?" అన్నారు మా ఆయన.

"మామ్మగారు."

"మరి ఆవిడకి చేంజ్ చెయ్యలేదేం?"

"ఆవిడకి పాతదే బాగుందండీ."

"కొత్తది బాలేదా?"

కొత్తదీ బాగానే ఉంది. ఆస్పత్రిలో ఎక్కువ రోజులు ఉంటే పాతదాని కంటే కాస్త ఎక్కువే కడుతుంది. ఆ ముక్క నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను.

మామ్మగారు వెంటనే ఒప్పుకోలేదు. "ఉన్నదానికేం మాయరోగం?" అన్నారు.

"ఇది ఇంకా మంచిది మామ్మగారూ."

"నీకు మంచిదనిపిస్తే సరే. నీ పిల్లని నేను చూస్తున్నాను, నా కాగితాలు నువ్వు చూడవూ? శుక్రవారం పొద్దున్నే రా. పదిన్నర లోపల సంతకం అయిపోవాలి, తరవాత రాహుకాలం."

శుక్రవారం వెళ్ళేసరికి ఆవిడ తలంటుకుని, దేవుడి దగ్గర దీపం పెట్టి, వంటింటి బల్ల తుడిచి సిద్ధంగా ఉన్నారు. నా చేతిలో దరఖాస్తు తీసుకుని, పసుపు తడిపి నాలుగు మూలలా రాశారు. మన ఇళ్ళలో కొత్త పుస్తకానికీ పెళ్ళి శుభలేఖకీ రాసినట్టు. వద్దు మామ్మగారూ కంపెనీ వాళ్ళు ఏమంటారో అన్నాను. "వాళ్ళకేం పోయింది, వాళ్ళకీ మంచే జరుగుతుంది" అన్నారు. కుంకుమ భరిణె నా ముందు పెట్టి బొట్టు పెట్టుకోమన్నారు. కాగితం పరుచుకోవడానికి బల్ల మీద చోటు లేదు. ఆవకాయ జాడీ, కాఫీ ఫిల్టరు, మందుల షాపువాళ్ళు ఇచ్చే గోధుమరంగు ప్లాస్టిక్ సీసా ఒకటి. మూడూ నేనే పక్కకి జరిపాను. సీసా మీద ఆవిడ పేరు ఉంది. మందు పేరు చదవలేదు. చదవాలంటే తిప్పాలి. తిప్పలేదు.

పేరు, పుట్టినతేదీ, అడ్రసు రాశాను. పేజీ తిప్పితే ఎనిమిది ప్రశ్నలు. ఎదురుగా దీపం.

నేను ఎలాంటి ఇంట్లో పెరిగానో చెబితే గానీ మీకు అర్థం కాదు. మా అమ్మ నూనె అయిపోయింది అనేది కాదు, నిండుకుంది అనేది. దీపం ఆరిపోయిందంటే దెబ్బలు పడేవి, కొండెక్కింది అనాలి. ఎవరైనా పనిమీద బయల్దేరుతుంటే ఎక్కడికి అని అడగకూడదు. అలాంటిది, శుక్రవారం పూట, తలంటుకుని పసుపు రాసిన పెద్దావిడ మొహం మీద, మీకు కాన్సరుందా, మీకు గుండెజబ్బుందా, పక్షవాతం వచ్చిందా అని ఎలా చదవను? నాకు నోరు రాలేదు. తెలుగులో ఆ మాటలు పలకడమే అశుభం అనిపించింది. ఇంగ్లీషులో అయితే ఊరికే మాటలు.

"ఏం రాస్తున్నావే అంతసేపు?" అన్నారు స్టవ్ దగ్గర్నుంచి.

"ఏదో ఫార్మాలిటీ మామ్మగారూ. నేను నింపేస్తాలెండి."

ఎనిమిదింటికీ లేదు, లేదు అని గీతలు పెట్టుకుంటూ పోయాను. ఆవిడ చేతులు తుడుచుకుని వచ్చి, తెలుగులో, ముత్యాల్లాంటి అక్షరాలతో సంతకం పెట్టారు. పాతది ఆపేసి కొత్తది తీసుకుంటున్నట్టు ఇంకో కాగితం ఉంది, దానిమీదా పెట్టారు. పదింపావు అయింది. ఇడ్లీ తిని వచ్చాను.

ఆ నెల కమిషన్‌తో బ్యాంకు బకాయి తీరింది. మా ఆయనకీ ఆకులు రాలే కాలం మొదలయ్యే లోపల ఒక చిన్న షాపులో పని దొరికింది. మంచిరోజులు వచ్చాయి అనుకున్నాం.

మరుసటి ఫిబ్రవరిలో, మధ్యాహ్నం పిల్లలకి అన్నాలు కలుపుతుండగా మామ్మగారికి గుండెనొప్పి వచ్చింది. ఆవిడ ముందు స్టవ్ ఆపి, పిల్లల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి, అప్పుడు కూతురికి ఫోన్ చేశారట. బతికారు. నేను ఆస్పత్రికి వెళ్ళేసరికి దిండ్లకి ఆనుకుని కూర్చున్నారు. మంచం పక్కన కూతురు, కిటికీ దగ్గర అల్లుడుగారు.

"చూశావటే, నా పాలసీ పనికొచ్చింది!" అన్నారు నన్ను చూడగానే. తరవాత కూతురి వైపు తిరిగి, కిటికీ దాకా వినపడేటట్టు, "ఎవరూ పర్సులు తియ్యక్కర్లేదని చెప్పవే. నా మందూ మాకూ నేనే కట్టుకుంటున్నాను" అన్నారు.

అల్లుడుగారు నవ్వారు. నేనూ నవ్వాను. ఆవిడంత సంతోషంగా ఉండగా నేను ఎప్పుడూ చూడలేదు.

నెలన్నర తరవాత, మామ్మగారు లేచి మళ్ళీ పిల్లల్ని చూసుకోవడం మొదలుపెట్టాక, కంపెనీ నుంచి వాళ్ళింటికో ఉత్తరం, నాకో నకలు. దరఖాస్తు చేసేనాటికే ఆవిడకి ఏడాదిన్నరగా గుండెకి వైద్యం జరుగుతోందని ఆస్పత్రి రికార్డుల్లో ఉంది. మందులు రాసింది మన తెలుగు డాక్టరుగారే. పెద్దావిడ దగ్గర ఫీజేమిటని ఆయన ఒక్క డాలరు పుచ్చుకోలేదు. డబ్బులేదు కాబట్టి బిల్లు లేదు, బిల్లు లేదు కాబట్టి నా చేతికి ఏ కాగితమూ రాలేదు. కానీ ఫైల్లో మాత్రం ఆయన అంతా ఉన్నదున్నట్టు రాసుకున్నారు. అందుచేత దరఖాస్తులో నిజం దాచారని పాలసీని మొదటి రోజు నుంచీ రద్దు చేస్తున్నారు. కట్టిన ప్రీమియంలు వెనక్కి ఇస్తారు. బిల్లు కట్టరు. కిందనే ఇంకో వాక్యం: ఏజెంటు కమిషన్ పూర్తిగా వసూలు చేయబడుతుంది.

ఉత్తరానికి దరఖాస్తు ఫోటోకాపీ జతచేశారు. నాలుగు మూలలా పసుపు నల్లటి మచ్చలుగా పడింది. మధ్యలో నా చేతి గీతలు ఎనిమిది.

నాకు ఏమీ అనిపించలేదు. ఇది గొప్పకి చెప్పడం లేదు. గుండె ఆగినట్టయింది, భూమి కంపించింది అని రాస్తే బాగుంటుందేమో. అలాంటిదేమీ జరగలేదు. ఉత్తరం మడిచి, అన్నం వార్చి, పిల్లకి పెట్టి, పక్కింట్లో దింపి, మామ్మగారింటికి బయల్దేరాను.

మా ఆయన కూడా వచ్చారు. మేనేజరుకి ఫోన్ చేశాననీ, పాత పాలసీని మళ్ళీ బతికించడం కుదరదన్నాడనీ, తప్పు నాదేననీ, ఆ బిల్లు మేము నెలనెలా కట్టుకుంటామనీ చెప్పాను. మామ్మగారి కూతురు గోడకేసి చూస్తోంది.

"అయ్యో, వద్దండీ. మా అత్తగారి బిల్లు మీరు పే చెయ్యడమేంటి? ఆస్పత్రి వాళ్ళతో మాట్లాడాను. ఇన్‌స్టాల్‌మెంట్స్‌లో తీసుకుంటామన్నారు. ఏదో చూసుకుంటాం" అన్నారు అల్లుడుగారు.

ఆయన వద్దన్నందుకు నాకు ప్రాణం లేచొచ్చింది. అది దాచను. మా దగ్గర లేదు మరి. వంటింట్లో మామ్మగారికి ఈ మాటలన్నీ వినపడుతున్నాయి. ఆ ఇంట్లో వంటింటికి తలుపు లేదు.

"అమ్మాయ్, ఇలా రా" అని పిలిచారు.

అదే బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. ముందర ఆ ఫోటోకాపీ. నన్ను కూర్చోమన్నారు.

"ఇందులో ఏముందో చదువు. తెలుగులో చదువు."

"ఇప్పుడెందుకు మామ్మగారూ."

"చదవమన్నాను."

చదివాను. గత రెండేళ్ళలో మీకు కాన్సరు ఉందా. "లేదు" అన్నారు. గుండెకి వైద్యం జరిగిందా. "జరిగింది. డాక్టరు అబ్బాయి మాత్రలిచ్చాడు, పొద్దునొకటి, రాత్రొకటి." పక్షవాతం. "లేదు." కిడ్నీలు. "లేదు. శుభ్రంగా ఉన్నాయి." అలా ఎనిమిదీ. ఒక్కదానికీ ఆవిడ మొహం మారలేదు. రేషను సరుకుల చీటీకి చెప్పినట్టు చెప్పారు. ఇవన్నీ ఆవిడ పిల్లల తల్లుల్ని రోజూ అడిగేలాంటివే కదా అని నాకు అప్పుడు తట్టింది.

"ఇంతేనా?"

"ఇంతే."

"ఇవి అడగడానికా నీకు నోరు రానిది?"

"శుక్రవారం పూట, మీరు దీపం పెట్టుకుని ఉంటే, అశుభం మాటలు ఎందుకని…"

"నీ మొహం. ఇద్దరు బిడ్డల్నీ మొగుణ్ణీ పంపించినదాన్ని. నాకు మాటలేం చేస్తాయే? అడగందే అమ్మయినా పెట్టదంటారు. నువ్వు అడిగుంటే చెప్పనూ? చెబితే ఏమయ్యేది?"

"కొత్త పాలసీ ఇచ్చేవారు కాదు."

"అప్పుడు?"

"పాతది ఉండేది."

"పాతదైతే ఈ బిల్లు కట్టేవారా?"

"కట్టేవారు."

ఆవిడ కాగితం మీద పసుపు మచ్చని వేలితో రుద్దారు. ఫోటోకాపీ కదా, వేలికి ఏమీ అంటలేదు.

"మరి నీకు?"

"నాకేమిటి మామ్మగారూ?"

"పాతదే ఉంటే నీకేం వచ్చేది?"

ఆ ఇంట్లో నేను చెప్పిన మొదటి నిజమైన జవాబు అదేనేమో.

"ఏమీ వచ్చేది కాదు."

ఆవిడ తల ఊపారు. తిట్టలేదు. తిడితే బాగుండునని కూర్చున్నాను. లేచి స్టవ్ దగ్గరికి వెళ్ళి, నాకు వీపు పెట్టి, పాలు పొంగకుండా చూస్తూ నిలబడ్డారు. "సరే. వెళ్ళు. పిల్ల నీకోసం చూస్తుంటుంది" అన్నారు.

కమిషన్ నా తరవాతి చెక్కుల్లో కోసేశారు. సోమవారం హోటల్లో అందరూ నా మీద జాలిపడ్డారు, నిబంధనల్ని తిట్టారు. నేనూ గొంతు కలిపాను. తిట్టవలసిన నిబంధనలే. అవి లేకపోతే ఆ శుక్రవారం నేను అక్కడికి వెళ్ళేదాన్నే కాదు. కానీ సీసా పక్కకి జరపమని ఏ నిబంధనలోనూ లేదు. దీపం ఎదురుగా ఉందని నోరు మూసుకున్నానో, ఉంది అంటారేమోనని మూసుకున్నానో నాకు అప్పుడూ తెలియలేదు. ఇన్నేళ్ళు గిల్లి చూసుకున్నా తెలియలేదు.

మామ్మగారు ఇంకో ఇద్దరు పిల్లల్ని ఒప్పుకున్నారని వాళ్ళమ్మాయి ఫోన్లో చెప్పింది. డాక్టరు బరువులెత్తొద్దన్నాడు, కూతురు వద్దని ఏడ్చింది, వినలేదట. అల్లుడుగారి ఇన్‌స్టాల్‌మెంటుకి తన వంతు ఇచ్చేదాకా ఆయన ఎదురుగా కూర్చుని అన్నం తిననన్నారట. నిజంగానే తినలేదు. ఆయన ఆఫీసుకి వెళ్ళాక, వంటింట్లో నిలబడే తినేవారు. బిల్లు తీరడానికి మూడేళ్ళు పట్టింది.

నేను మా పిల్లకి వేరే చోటు వెతుకుదామనుకున్నాను. వారం రోజులు ఇంట్లోనే ఉంచేశాను కూడా. ఎనిమిదో రోజు పొద్దున్న ఆవిడే ఫోన్ చేశారు. "పిల్లని ఎందుకు తేవటం లేదు? నాకు వారం డబ్బు పోతోంది" అన్నారు.

తీసుకెళ్ళాను. మంచు కరిగి బురదగా ఉంది. తలుపు తీసి, ఒక చేత్తో గుమ్మం పట్టుకుని నిలబడ్డారు. పిల్లని ఎత్తుకోవడానికి లేదు కాబట్టి వేలు అందించారు, పట్టుకోమని. నా మొహం చూడలేదు. పిల్ల మొహం చూస్తూ అడిగారు.

"రాత్రి నిద్రపోయిందా? పాలు తాగిందా? దగ్గుందా?"

అన్నీ అడిగారు, ఒక్కటీ వదలకుండా. నేను ఆ బురదలో నిలబడి అన్నిటికీ జవాబు చెప్పాను.